ఏడుపు తీసేసిన ఆట

పత్తికొండ,
శివరాత్రి అయిన వారం.

అమ్మీ శివజ్యోతీ,

మీ అవ్వ గంగక్క రాస్తున్నాను. ముందు ఒక సంగతి చెప్పు. రాజంపేటలో మీరు పనిచేసే ఆ మేడమీది గదికి మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ వేయించినారా? పోయినసారి అడిగితే నవ్వి ఊరుకున్నావు. నీతో పనిచేసే రాఘవ వాళ్ళ నాయన నాగసుబ్బయ్య కింద అంగడి చూసుకునే మనిషి, ఆయనకు మెట్ల సంగతి ఎక్కడ గుర్తుంటుంది? కంప్యూటర్ చేతిలో పట్టుకుని దిగేటప్పుడు కాళ్ళు కనపడవు. నాకు ఆ మెట్లే కళ్ళలో మెదులుతుంటాయి.

ఫోన్‌లో అడుగుదామంటే నా చెవిలో నీ మాట కంటే ఈల ఎక్కువ వినపడుతుంది. రాత్రిబడిలో నేర్చుకున్న చదువు ఇప్పటికి పనికొచ్చింది. తప్పులుంటే సర్దుకుని చదువు.

మీ నాయన హనుమేషు టమాటా లారీ మీద నుంచి పడినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. కర్నూలు ఆసుపత్రిలో తుంటికి రాడ్డు వేసి పంపినారు. కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తున్నాడు. బాగవుతుందని మీ అమ్మ అంటుంది. బాగవుతుందేమో. ఎందుకు పడినాడు అనేదే నా బాధ.

ఆ పొద్దు నువ్వు వచ్చి, "అవ్వా, మేము కంప్యూటర్‌లో ఒక ఆట చేస్తాండాం. దాంట్లో మనిషి చచ్చిపోతాడు. వానికి ఏడ్చేవాళ్ళు కావల్ల" అన్నావు. "బొమ్మ చస్తే ఏడుపు ఏంటికి మే?" అని నేను నవ్వినాను. కరువు పడిన ఊర్లలో, చీకట్లో, కత్తి పట్టుకుని ఒక్కడే తిరిగే మనిషని, వానికి నా అన్నవాళ్ళు ఎవరూ లేరని నువ్వు చెప్తే జాలేసింది. గొడ్లకొట్టంలో నువ్వు ఫోన్ పెట్టుకుని కూర్చున్నావు, నేను శోకం పెట్టినాను. దాహమైనవాళ్ళకు నీళ్ళిచ్చినవాడు చస్తే ఒక తీరు, పారిపోయినవాడు చస్తే ఒక తీరు, ఊరికే చంపుకుంటూ పోయినవాడు చస్తే ఇంకో తీరు. కరువుకోట అనే ఆ ఆట దేశమంతా ఆడినారని, అందరికీ మా అవ్వ ఏడుపే నచ్చిందని నువ్వు చెప్తే నేను వీధిలో ఇంటింటికీ పోయి చెప్పుకున్నాను.

ఇప్పుడు భయమేస్తుంది. శోకం ఎప్పుడు పెడతారు అమ్మీ? చచ్చిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు. ఎదురుగా ఎవరూ లేకుండా పెడితే అది మనిషిని వెతుక్కుంటూ పోతుందని మా అమ్మ అనేది. మీ ఆట ఆడేవాళ్ళు పొద్దుకు ఎన్నిసార్లు చస్తారో, అన్నిసార్లు నా గొంతు దిక్కులేకుండా తిరుగుతుంది. తిరిగి తిరిగి మన ఇంటికే వచ్చింది. మీ నాయన పడినాడు.

ఇప్పుడు రెండో ఆట చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. దాంట్లో నా ఏడుపు వద్దు. మొదటి దాంట్లో ఉన్నది కూడా తీసేయి. ఎక్కడా దాచిపెట్టుకోవద్దు. నా మీద ఆన.

ఎండలో తిరగొద్దు.

మీ అవ్వ,
గంగక్క.

*

రాజంపేట,
మార్చి 12.

అవ్వా,

కమ్మీ వేయించాం. నీ ఉత్తరం చదివిన రోజే నాగసుబ్బయ్య మామతో చెప్పాను. "మీ అవ్వ పత్తికొండలో కూర్చోని నా మెట్లు చూస్తాండాదే" అని ఆయన నవ్వి, మనిషిని పిలిపించాడు.

నాన్న పడింది లారీ పక్క తలుపు కొక్కెం ఊడి. అది నువ్వూ చూశావు. దానికీ నీ గొంతుకూ సంబంధం లేదని నేను ఎంత రాసినా నీకు అన్నం సహించదని నాకు తెలుసు. అందుకే వాదించను.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఈ రెండో ఆటను మేం ముగ్గురం రెండేళ్ళుగా చేస్తున్నాం. పద్మప్రియ బొమ్మలు గీస్తుంది, రాఘవ కంప్యూటర్ పని, లెక్కలు చూస్తాడు, కథ నాది. మొదటి ఆట ఆడినవాళ్ళు రోజూ ఒకే మాట అడుగుతున్నారు, ఈసారి అవ్వ ఏమని ఏడుస్తుంది అని. నువ్వు వద్దన్నావని చెప్పగానే రాఘవ లేచి కిందికి వెళ్ళిపోయాడు. పద్మప్రియ అదే బొమ్మకు అదే రంగు పూస్తూ కూర్చుంది.

కానీ నువ్వు ఆన పెట్టావు. నువ్వు తినకుండా కూర్చుంటే నాకు ఈ ఆట ఎందుకు? తీసేస్తాను. మనిషి చచ్చినప్పుడు ఏడుపు బదులు డప్పు వినపడుతుంది. పాతదాంట్లో కూడా తీసేస్తాను.

నువ్వు అన్నం తిను.

జ్యోతి.

*

పత్తికొండ,
ఉగాది మరునాడు.

అమ్మీ,

నీ ఉత్తరం మూడు తూర్లు చదివించుకున్నాను, ఒక తూరి నేనే చదివినాను. నా బరువు దిగింది. మీ నాయన నిన్న కర్ర లేకుండా బావి దాకా పోయి వచ్చినాడు. చూసినావా? నేను చెప్తే నవ్వుతారు గానీ చూసినావా?

డప్పు మంచిదే. డప్పుకు ఎవరి గొంతూ ఉండదు.

ఆ రాఘవ పిల్లోనికి కోపం పోయిందా? ఉగాది పచ్చడి తిన్నాడా? వాళ్ళ అమ్మ రాజ్యలక్ష్మమ్మను అడిగినానని చెప్పు. ఆట బయటికి వచ్చినాక జనం ఏమనుకుంటున్నారో నాకు రాయి. బాగుందంటే బాగుందని, బాగలేదంటే బాగలేదని రాయి. దాచొద్దు.

గంగక్క.

*

రాజంపేట,
మే 20.

అవ్వా,

ఆట వచ్చింది. బాగుందంటున్నారు. కత్తులు బాగున్నాయని, చీకటి బాగుందని, పద్మప్రియ గీసిన ఎండిపోయిన కోట చూసి భయపడ్డామని రాస్తున్నారు. మేం అందరం బాగున్నాం. ఇక్కడ ఎండలు ఎక్కువ. పని ఎక్కువగా ఉంది, అందుకే చిన్న ఉత్తరం.

జ్యోతి.

*

పత్తికొండ,
మృగశిర కార్తె పెట్టినాక.

అమ్మీ శివజ్యోతీ,

నీ చిన్న ఉత్తరం నాకు నచ్చలేదు. పని ఎక్కువుంటే నువ్వు పెద్ద ఉత్తరం రాస్తావు, పని గురించే రాస్తావు. ఏదో ఉందని మీ అమ్మతో అన్నాను. "నీకు అన్నీ అనుమానాలే అత్తా" అనింది.

మొన్న రాఘవ వచ్చినాడు. ఆదోనిలో వాళ్ళ చిన్నాయన కూతురి పెండ్లికి పోతూ, దారిలో మీ నాయనను చూసిపోదామని దిగినాడట. శానా చిక్కినాడు. కాఫీ ఇచ్చి అడిగినాను.

"ఆట బాగా పోతాండాదా నాయనా?"

"పోతాండాది అవ్వా," అన్నాడు, గ్లాసులోకి చూసుకుంటూ.

"నాకు చెవులు లేవు గానీ కండ్లు ఉండాయి. సరిగ్గా చెప్పు."

"జ్యోతి నీకు చెప్పొద్దనింది అవ్వా."

"అట్లయితే చెప్పొద్దులే. ఫోన్లో వాళ్ళు రాసింది చదువు. చదివితే చెప్పినట్లు కాదు గదా."

పాపం, వాడు ఫోన్ తీసినాడు. నా చెవి కోసం గట్టిగా చదివినాడు. వీధి వీధంతా వినింది. ఎదురింటి గౌసియాబీ బియ్యం చెరిగేది ఆపి చాట పట్టుకుని మా అరుగు మీదికే వచ్చింది.

ఒకడు రాసినాడు, కత్తులు బాగున్నాయి, పాములు బాగున్నాయి, చస్తే పలకరించే దిక్కు లేదు, దీని కంటే మా ఆఫీసే మేలు అని. గౌసియాబీ నవ్వింది. ఇంకొకడు రాసినాడు, మొదటి ఆటలో చస్తే నేను ఏం చేసినానో ఒక ముసలామె చెప్పి ఏడ్చేది, తప్పు చేసినా నన్ను మనిషిగా చూసేది, ఇప్పుడు డప్పు కొట్టి పంపేస్తున్నారు, నా చావుకు వెల లేదు అని. ఇట్లాంటివే ఎన్నో. బొటనవేలు పైకి చూపితే నచ్చిందని, కిందికి చూపితే నచ్చలేదని అంట. అన్నీ కిందికే.

ఆ మీదట ఒకటి చదవబోయి ఆగినాడు. "చదువప్పా" అన్నాను. ఆ ముసలామెకు దుడ్లు ఎగ్గొట్టి ఉంటారు, ఆ ఆట చేసిన పిల్ల ఆమెను వాడుకుని పారేసింది, అందుకే పాత ఆటలో కూడా గొంతు తీసేసింది అని ఉందట. దాని కింద వందల మంది అవునవును అన్నారట.

లోపల మంచం మీద నుంచి మీ నాయన, "ఎవడప్పా వాడు? వాని ఊరేది?" అన్నాడు.

"ఊర్లు ఉండవు నాయనా వాళ్ళకు," అన్నాడు రాఘవ.

నేను అడిగినాను, "మరి మా పిల్ల ఏమని జవాబు రాసింది?"

"రాయలే అవ్వా. మా అవ్వ భయపడింది, తీసేయమనింది, అందుకే తీసినాం అని ఒక్క మాట రాయమంటిమి. నేనూ చెప్తి, పద్మప్రియా చెప్పె. అప్పుడు మా అవ్వను తిడతారు, నన్నే తిట్టనీ అనింది."

వాడు పోయినాక మీ అమ్మ నన్ను పలకరించలేదు. వండింది వడ్డించి అవతలికి పోయింది. ఆమెది తప్పు కాదు.

అమ్మీ, నేను నీ మంచికే అనుకుంటిని. మీ నాయన మంచికి అనుకుంటిని. నా భయం నాతో ఉండనీయక నీ నెత్తిన పెడితిని. నా ఏడుపు మళ్ళీ పెట్టేయి. ఆన వెనక్కి తీసుకుంటున్నాను. ఆన పెట్టినవాళ్ళే తీసుకుంటే ఏమీ కాదని గౌసియాబీ కూడా చెప్పింది. ఈ ఉత్తరం చేరిన పొద్దే పెట్టేయి.

గంగక్క.

*

రాజంపేట,
జూన్ 25.

అవ్వా,

రాఘవను తిట్టాలనుకుని తిట్టలేకపోయాను. చదివితే చెప్పినట్లు కాదు గదా అని వాడు నాకే నీ మాట అప్పజెప్పాడు.

ఇక దాచను. నీ గొంతు లేదు అవ్వా. ఆట నుంచి తీయడమే కాదు, నా దగ్గర ఉన్నదంతా చెరిపేశాను. ఎక్కడా దాచిపెట్టుకోవద్దని నువ్వు ఆన పెట్టావు కదా. పద్మప్రియ తన దగ్గర ఒకటి ఉంచుకుంటానంటే దాన్నీ పట్టుబట్టి చెరిపించాను. నీ మీద ఆన నాకు నవ్వులాట కాలేదు. ఒక్కసారి బస్సెక్కి వచ్చి నీ పక్కన కూర్చుని మాట్లాడి ఉంటే సరిపోయేది. ఉత్తరంలోనే ఒప్పుకుని ఉత్తరంలోనే ముగించాను. అది నా తప్పు, నీది కాదు.

ఆడేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు అడిగింది న్యాయమే. ఒకసారి కొనుక్కున్నదాంట్లోంచి నేను చెప్పకుండా తీసుకున్నాను. తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ మాటలు పొద్దున చదివితే సాయంత్రానికి మరిచిపోతాను. తిట్టని మనిషి ఒకడున్నాడు, అతన్నే మరిచిపోలేకపోతున్నాను.

అతని పేరు ఏసుకుమార్. మన రాజంపేట పక్క పల్లె వాడే, కువైట్‌లో కారు నడుపుతాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు సేటు సెలవు ఇవ్వలేదట. మట్టి వేయడానికి రాలేకపోయాడు. అతను రాసింది ఇదీ: "మేడమ్, మా అమ్మ పోయినాక నేను మీ మొదటి ఆటలో కావాలనే చచ్చేవాణ్ణి. నీళ్ళు ఇచ్చినవాడికి ఆ అవ్వ ఏడ్చే ఏడుపు కోసం. మా ఊరి మాటలో మా అమ్మకు ఎవరో ఏడుస్తున్నట్లు ఉండేది. ఆ ఒక్కటి నాకు పంపుతారా? ఆటలో పెట్టకపోయినా పర్వాలేదు."

చెరిపేశానని అతనికి ఇంకా రాయలేదు. ఏమని రాయాలో తెలియడం లేదు.

జ్యోతి.

*

పత్తికొండ,
తొలి ఏకాదశి ముందు.

అమ్మీ,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ పిల్లోడే కళ్ళ ముందు ఉన్నాడు. ఎండకు కార్లో కూర్చుంటాడా, కారుకు చల్లగాలి ఉంటుందా, ఎవరు వండిపెడతారు?

మళ్ళీ ఏడుద్దామని గొడ్లకొట్టంలోకి పోయి కూర్చున్నాను. మీ అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు మాట్లాడుతుంది నాతో. నోరు తెరిస్తే రాలేదు. దగ్గు వచ్చింది. మళ్ళీ తెరిచినాను, పెండ్లి పాట మాదిరి వచ్చింది. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

అప్పుడు నాకు తెలిసింది. ఆ పొద్దు నీ బొమ్మ మనిషి కోసం ఏడ్చినానని అనుకున్నాను. కాదు. నీళ్ళు ఇచ్చినవాడికి ఏడువు అవ్వా అని నువ్వు చెప్పగానే నాకు మీ తాత గిడ్డయ్య కనపడినాడు. కరువు సంవత్సరం, మన కుండలో అడుగున ఉన్న నీళ్ళు ఎవరో గొర్రెలు కాసేవాళ్ళకు పోసేసి, నేను తిడుతుంటే నవ్వుకుంటూ నిలబడినాడే, అట్లే కనపడినాడు. ఆయన పోయినప్పుడు నాకు నోరు రాలేదు. నలుగురు ఏడుస్తుంటే గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. ఊర్లో అందరికీ శోకం పెట్టిన గంగక్క మొగునికి పెట్టలేదే అని ఆడవాళ్ళు అనుకున్నారు. అది ఆ పొద్దు, నీ ముందర, గొడ్లకొట్టంలో వచ్చింది. ఎదురుగా మనిషి లేడని ఎట్లా అనుకున్నానో. ఉన్నాడు.

దిక్కులేని శోకమని భయపడి దాన్నే తీసేయమన్నాను. మీ తాతకు నేను ఏడ్చింది అదొక్కటే. చెరిగిపోయిందన్నావు. నిన్ను అనడం లేదు అమ్మీ. ఆన పెట్టింది నేను.

సరే. ఆ పిల్లోనికి చెరిపేసినామని రాయి. రాసి, వాళ్ళమ్మ పేరు అడుగు. ఆమె ఏం పని చేసేది, ఎట్లా నవ్వేది, ఎవరి మీద కోపపడేది, ఏం వండేది, అవన్నీ అడుగు. మనిషి తెలియకుండా శోకం రాదు. వాళ్ళు ఏసును నమ్మేవాళ్ళేమో, వాళ్ళల్లో మన మాదిరి శోకం పెడితే పాస్టరు ఏమన్నా అంటాడేమో, అది కూడా అడుగు.

గంగక్క.

*

రాజంపేట,
జూలై 22.

అవ్వా,

చెరిపేశానని ఏసుకుమార్‌కు రాశాను. వారం తర్వాత నువ్వు అడిగినవన్నీ పంపాడు. పాస్టరు ఏమీ అనడట, వాళ్ళమ్మే ఊర్లో అందరి చావులకూ పోయి ఏడ్చేదట.

ఆమె పేరు సంతోషమ్మ. బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మేది. కండక్టర్లకు ఊరికే ఇచ్చేది, పోలీసులకు మాత్రం ఇచ్చేది కాదు. ప్రార్థన మధ్యలో నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. కొడుకు కువైట్‌లో ఏ పూట పనిలో ఉంటాడో తెలియక, సరిగ్గా సేటు కార్లో ఉన్నప్పుడే ఫోన్ చేసి, "తిన్నావా నాయనా" అని మాత్రం అడిగి పెట్టేసేది. ఊరి నుంచి ఎవరు పోతున్నా వాళ్ళ సంచిలో ఊరగాయ కుక్కేది, ఎయిర్‌పోర్టులో వాళ్ళు తీసి పారేసేవాళ్ళు, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. మేం గది ఖాళీ చేస్తున్నాం. నాగసుబ్బయ్య మామ పొమ్మనలేదు, మేమే. రాఘవ అంగట్లో కూర్చుంటున్నాడు. పద్మప్రియకు హైదరాబాదులో పని దొరికింది. నేను కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాను. ఆటకు వచ్చిన పేరు ఇక మారదు. అందరికీ జవాబు మాత్రం రాశాను. ఒక పెద్దామె గొంతును ఆమె వద్దంటే తీశామని, ఆమెకు మేం ఏమీ ఎగ్గొట్టలేదని, పాత ఆటలో చెప్పకుండా తీయడం నా తప్పని రాశాను. కొందరు నమ్మారు.

కర్నూలు పోయే దారిలో పత్తికొండకు వస్తాను. ఫోన్ నేనే పట్టుకుంటాను. అమ్మ నవ్వుతుంది.

జ్యోతి.

*

పత్తికొండ,
శ్రావణ మాసం.

అమ్మీ శివజ్యోతీ,

కర్నూలులో గది ఎట్లుంది? తుంగభద్ర నీళ్ళు ఎక్కువ వచ్చినాయని అంటున్నారు. నీ గది మిట్టన ఉందా, పల్లంలో ఉందా? అది రాయకుండా వేరే ఏదీ రాయొద్దు.

సంతోషమ్మకు శోకం పెట్టించుకుని నువ్వు పోయినాక నాకు రెండు రోజులు గొంతు బొంగురుపోయింది. మీ నాయన బెల్లం, మిరియాలు తెచ్చిచ్చినాడు. ఇప్పుడు బాగా నడుస్తున్నాడు, పోయిన సంతకు మార్కెట్‌కు కూడా పోయినాడు. నేను సంతోషమ్మకు అంత ఏడ్చినాక కూడా నడుస్తున్నాడు. నా పాత భయానికి నాకే సిగ్గేసింది.

"ఊరగాయ కట్టి పంపితివే సంతోషమ్మా, పారేసిరని నీకెవరూ చెప్పకపోయిరే తల్లీ" అని అన్నప్పుడు నువ్వు ఒంటిచేత్తో ఫోన్ పట్టుకుని కండ్లు తుడుచుకున్నావు, నేను చూసినాను. ఫోన్ పడేస్తావేమోనని భయపడి అక్కడ కొంచెం తొందరగా లాగినాను. అది బాగా వచ్చిందో లేదో.

అది ఆటలో పెట్టకుండా ఆ పిల్లోనికి మాత్రమే పంపినావు. మంచి పని చేసినావు. అది సంతోషమ్మది. మీ ఆటకు పెట్టడానికి నా దగ్గర ఇంక ఏమీ లేదు అమ్మీ. రాఘవ ఇప్పుడు అంగట్లో బెల్లం కొడుతున్నాడు. ఆ పద్మప్రియ ఎండిపోయిన కోట గీసింది నాకు చూపించినావే, ఎంత బాగుంది. దాన్ని చూసి భయపడాల్సినవాళ్ళు నన్ను తలుచుకుని మిమ్మల్ని తిట్టినారు. ఇది నేను పోయేదాకా నాతో ఉంటుంది. పోనీలే అవ్వా అని రాయొద్దు.

పిల్లోడు విన్నానని, శానాసేపు కార్లోనే కూర్చున్నానని రాసినాడన్నావు. అంతే రాసినాడన్నావు. అక్కడే నాకు మనసు నిలవడం లేదు. మన దగ్గర శోకం పెట్టి లేచినాక, తలకు నీళ్ళు పోసుకుని వచ్చి, ఏడ్చినవాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు. వాళ్ళు వద్దంటున్నా బలవంతంగా ఒక ముద్ద కలిపి నోట్లో పెడతారు. అంతవరకు శోకం అయిపోయినట్లు కాదు. నేను ఇక్కడ ఏడ్చేసి తలకు పోసుకుని మీ అమ్మ పెట్టింది తిన్నాను. వాడు అక్కడ ఒక్కడే విన్నాడు.

ఆ పూట వానికి అన్నం ఎవరు పెట్టినారు? తోటి డ్రైవర్లు ఎవరన్నా ఉంటే వాళ్ళకు చెప్పమను. వాడు తిన్నాడో లేదో కనుక్కుని నాకు రాయి.

మీ అవ్వ,
గంగక్క.